ఫిర్యాదు ఇవ్వకముందే కమిటీని చూసుకోండి

బెంగళూరు మారతహళ్ళిలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చంటిపిల్లలతో వచ్చినవాళ్ళు ఆ గోడ పక్కన కూర్చోండి, ఫ్యాను గాలి తగులుతుంది.

ఈ హాల్లో ఐటీ కంపెనీల్లో చేసేవాళ్ళున్నారు. బొమ్మసంద్ర నుంచి గార్మెంట్స్‌లో కుట్టేవాళ్ళు వచ్చారు. నర్సులున్నారు. అపార్టుమెంట్లలో వంటపని, ఇంటిపని చేసేవాళ్ళున్నారు. ఇన్ని రకాల పనులు చేసేవాళ్ళకి కలిపి ఒకే చట్టం గురించి చెప్పొచ్చా? చెప్పొచ్చు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల్ని అడ్డుకునే చట్టం, 2013లో చేశారు, ఆ ఏడాది డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. పోష్ చట్టం అంటారు. మీలో చాలామంది దాని మీద ఆన్‌లైన్‌లో ఒక ట్రైనింగ్ చేసి, చివర్లో సర్టిఫికెట్ కూడా తీసుకుని ఉంటారు. కానీ రేపు పొద్దున నిజంగా ఏదైనా జరిగితే కాగితం ఎవరి చేతికివ్వాలి, ఎన్ని రోజుల్లోపు ఇవ్వాలి, అందులో ఏం రాయాలి? ఇవి తెలియకే గట్టి ఫిర్యాదులు కూడా వీగిపోతున్నాయి. ఈ రోజు నేను మాట్లాడేది ఆ కాగితం గురించి, ఆ తేదీల గురించి.

ఈ చట్టం ఎక్కడ పుట్టిందో ఒక్క నిమిషం చెప్పి ముందుకు వెళ్తాను. రాజస్థాన్‌లో భటేరీ అని ఒక పల్లె. అక్కడ భన్వరీ దేవి గారు ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో కార్యకర్త. బాల్యవివాహాలు ఆపడం ఆవిడ పనిలో భాగం. 1992లో ఒక పెళ్ళిని అడ్డుకున్నందుకు ఆవిడపై సామూహిక అత్యాచారం చేశారు. తన డ్యూటీ తాను చేసినందుకు! అప్పుడు కొన్ని మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 1997 ఆగస్టు 13న తీర్పు వచ్చింది. విశాఖ తీర్పు అంటారు. మన విశాఖపట్నానికీ దానికీ సంబంధం లేదు, కేసు వేసిన సంఘాల్లో ఒకదాని పేరు విశాఖ. ఆ తీర్పు నుంచి చట్టం రావడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది. ఎందుకు చెప్తున్నానంటే, "అమ్మో, ఈ చట్టాలన్నీ ఏసీ ఆఫీసులవాళ్ళకే" అని మీలో ఎవరైనా అనుకుంటుంటే, అలా అనుకోవద్దు. పల్లెలో చిన్న జీతానికి పనిచేసిన ఆడమనిషి వల్ల వచ్చిన చట్టం ఇది.

సరే. ఎవరికి వర్తిస్తుంది? పర్మనెంటు వాళ్ళకి, టెంపరరీ వాళ్ళకి, రోజుకూలీకి చేసేవాళ్ళకి, ట్రైనీలకి, అప్రెంటిస్‌లకి, జీతం లేకుండా చేసే వాలంటీర్లకి కూడా. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన హౌస్‌కీపింగ్ అమ్మాయిలకి చాలా చోట్ల ఒక మాట చెప్తున్నారు. "నీ జీతం ఏజెన్సీ ఇస్తుంది, అక్కడికే పోయి చెప్పుకో" అని. ఆ మాట తప్పు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చినామె కూడా ఈ చట్టం దృష్టిలో ఉద్యోగే. పనిచేసే కంపెనీ ఉద్యోగి వేధించాడంటే, ఆ కంపెనీ కమిటీ ఫిర్యాదు తీసుకోవాల్సిందే.

పని ప్రదేశం అంటే ఆఫీసు నాలుగు గోడలేనా? పని మీద వెళ్ళిన ప్రతి చోటూ పని ప్రదేశమే. క్లయింటు ఆఫీసు, ట్రైనింగ్ జరిగే హోటల్, ఇంటి నుంచి చేసే వీడియో మీటింగు కూడా. కంపెనీ పెట్టిన క్యాబ్, ఫ్యాక్టరీ బస్సు కూడా అంతే, చట్టంలో రవాణా అని విడిగా రాసి ఉంది. బెంగళూరులో దీని విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. 2005 డిసెంబరులో ఇదే ఊళ్ళో రాత్రి షిఫ్టుకి క్యాబ్ ఎక్కిన కాల్‌సెంటర్ ఉద్యోగిని హత్యకు గురైంది. రాత్రి క్యాబుల భద్రత గురించి దేశమంతా మాట్లాడింది ఆ తర్వాతే.

ముందు కమిటీ సంగతి

పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఐసీ అంటారు. హెడ్డాఫీసు ముంబైలో ఉంది, కమిటీ అక్కడుంది అంటే సరిపోదు. వైట్‌ఫీల్డ్‌లో ఒక బ్రాంచి, పీణ్యాలో ఒక యూనిట్ ఉంటే రెండు చోట్లా వేరువేరుగా ఉండాలి. యజమాని రాతపూర్వకంగా ఆర్డరు ఇచ్చి దాన్ని వేయాలి. ఆ ఆర్డరు అందరికీ కనపడే చోట అంటించాలి.

రేపు పనికి వెళ్ళినప్పుడు ఆ కాగితం వెతకండి. దొరికిందా? ఇప్పుడు పేర్లు చూడండి. అధ్యక్షురాలు మహిళ అయి ఉండాలి, పైస్థాయి ఉద్యోగి అయి ఉండాలి. ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు సభ్యులు. మహిళల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ నుంచో, ఈ విషయాలు తెలిసినవాళ్ళలోంచో బయటి సభ్యులు ఒకరు. మొత్తంలో కనీసం సగం మంది మహిళలు. ఎవరి పదవీ మూడేళ్ళు మించకూడదు.

ఎక్కడ పాడవుతుందంటే, బయటి సభ్యుల దగ్గర. కంపెనీ కేసులు చూసే వకీలునో, యజమాని బంధువునో ఆ కుర్చీలో కూర్చోబెడతారు. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉంటాయి. కానీ కంపెనీ మీద ఆధారపడని మనిషి ఒకరు గదిలో ఉండాలనే కదా చట్టం ఆ సభ్యత్వం పెట్టింది! ఆ ఒక్క మనిషీ కంపెనీ మనిషే అయితే విచారణలో అడగాల్సిన ప్రశ్న ఎవరడుగుతారు? కాబట్టి ఆ పేరు చూడండి, ఆవిడ ఎవరో, ఏ సంస్థ నుంచి వచ్చారో అడగండి. రెండోది, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు బోర్డు మీద అలాగే ఉంటాయి. ఫోన్ చేస్తే నంబరు పనిచేయదు. మూడోది భాష. గార్మెంట్స్ ఫ్లోర్‌లో కన్నడ, తెలుగు, తమిళం, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్ళు పక్కపక్కనే కూర్చుని కుడుతుంటారు. నోటీసు మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. చదవలేని నోటీసు ఉన్నా లేనట్టే. ఇక్కడ హెచ్ఆర్ వాళ్ళెవరైనా ఉంటే, వినండి. ఆ నోటీసు ఐదు భాషల్లో రాయించడానికి ఒక పూట పని. దయచేసి చేయండి.

కమిటీ వేయకపోతే యజమానికి 50 వేల రూపాయల వరకూ జరిమానా. రెండోసారి దొరికితే శిక్ష రెట్టింపు, లైసెన్సు రద్దు చేసే అవకాశం కూడా ఉంది. కంపెనీలైతే 2025 జులై నుంచి తమ బోర్డు నివేదికలో ఏడాదికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేల్చారు, 90 రోజులు దాటినవి ఎన్ని అని అంకెలతో సహా రాయాలి. మీ కంపెనీది తీసి చూడండి. వేలమంది పనిచేసే చోట ఏళ్ళ తరబడి సున్నా అని ఉంటే సంతోషించొద్దు. అక్కడ ఫిర్యాదు ఇవ్వడానికే భయపడుతున్నారేమో అని నాకైతే అనుమానం వస్తుంది.

తేదీ, కాగితం

ఇది జాగ్రత్తగా వినండి. రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. వరసగా జరుగుతూ వస్తుంటే చివరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. మూడు నెలల్లోపు ఇవ్వలేని పరిస్థితి ఉందని కమిటీ నమ్మితే, కారణాలు రాసి ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. అంతే. జనవరి 10న జరిగితే ఏప్రిల్ 10 లోపు. మహా అయితే జులై 10. అది దాటితే?

దాటితే ఏమవుతుందో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఉంది. పశ్చిమ బెంగాల్‌లో ఒక న్యాయ విశ్వవిద్యాలయం. అధ్యాపకురాలు వైస్ ఛాన్సలర్ మీద ఫిర్యాదు చేశారు. వేధింపు చివరిసారి జరిగింది 2023 ఏప్రిల్‌లో. ఫిర్యాదు వెళ్ళింది డిసెంబరులో. ఆ తర్వాత ఆవిణ్ణి ఒక బాధ్యత నుంచి తప్పించడం లాంటివి జరిగాయి, వాటిని కూడా కలిపి లెక్కపెట్టమని అడిగారు. అవి పరిపాలనా నిర్ణయాలు, లైంగిక వేధింపులో భాగమని చెప్పలేం, గడువు దాటింది అని 2025 సెప్టెంబరులో కోర్టు తేల్చింది. ఈ తీర్పు సంగతి ఆ వైస్ ఛాన్సలర్ రెజ్యూమేలో ఎప్పటికీ ఉండాలని కూడా చెప్పింది, నిజమే. కానీ ఫిర్యాదు మాత్రం విచారణకి రాలేదు. చట్టం చదువుకున్నవాళ్ళకే ఇలా అయితే మన సంగతేంటి?

చాలామంది ఎక్కడ పొరబడతారు? "నేను మేనేజర్‌కి చెప్పానండి, హెచ్ఆర్‌కి ఫోన్‌లో చెప్పానండి" అంటారు. నోటితో చెప్పింది ఫిర్యాదు కింద లెక్కకి రాదు. "చూస్తాం, మాట్లాడతాం" అంటూ వాళ్ళు మూడు నెలలు గడిపేస్తారు, కొందరు కావాలని, కొందరు తెలియక. మీరు కాగితం ఇవ్వండి, తర్వాత ఎన్ని మాటలైనా మాట్లాడుకోవచ్చు. రాయడం రాకపోతే? కమిటీ సభ్యులే రాయడానికి సాయం చేయాలి, అది వాళ్ళ బాధ్యత, చట్టంలో ఉంది. తెలుగులో రాసి ఇవ్వండి, అనువాదం సంగతి కమిటీ చూసుకోవాలి. ఆసుపత్రిలో ఉండి రాలేకపోతే మీ తరఫున బంధువులు, స్నేహితులు, తోటి ఉద్యోగి ఇవ్వొచ్చు.

నియమాల ప్రకారం ఆరు కాపీలు ఇవ్వాలి. వాటితో పాటు ఆధారాలు, సాక్షుల పేర్లు, చిరునామాలు. ఏడో కాపీ మీద, అందింది అని సంతకం, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి. సంతకం పెట్టం అని వాళ్ళంటే అదే కాపీ కమిటీకి ఈమెయిల్ చేయండి, తేదీ దానంతటదే పడుతుంది. ఆఫీసు మెయిల్ నుంచి పంపితే మీ సొంత మెయిల్‌కి కూడా ఒక కాపీ పెట్టుకోండి. ఉద్యోగం పోయిన రోజున ఆఫీసు మెయిల్ తెరుచుకోదు.

లోపల ఏం రాయాలి? "ఆయన నాతో అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తారు. అసభ్యంగా అంటే ఏంటి? ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. అవతలివాళ్ళకి పట్టుకోవడానికి అదే చాలు. ఏం చేశాడో రాయండి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏ ఫ్లోర్, మీరు ఎక్కడున్నారు, అతను ఎక్కడున్నాడు, ఏం అన్నాడు, ఎక్కడ ముట్టుకున్నాడు, మీరేం అన్నారు, అక్కడ ఇంకెవరున్నారు. అన్న మాట బూతు అయినా సరే, అదే భాషలో అదే మాట రాయండి. కన్నడలో అంటే కన్నడ మాటే తెలుగు అక్షరాల్లో రాసి, అర్థం పక్కన రాయండి. సిగ్గుతో ఆ మాట దాచిపెడితే ఫిర్యాదు బలం అక్కడే పోతుంది. ఆ మాట అన్నది అతను, సిగ్గు మీది కాదమ్మా. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే "సంక్రాంతికి ఊరెళ్ళొచ్చిన వారం", "జీతాలు పడ్డ మర్నాడు" అని రాయండి. అంచనాగా ఒక తేదీ వేసేస్తే, ఆ రోజు అతను సెలవులో ఉన్నాడని తేలిందనుకోండి, మిగతా అంతా నిజమైనా అనుమానం పడుతుంది.

ఇంకో విషయం. టార్గెట్ పడలేదని సూపర్‌వైజర్ అందరి ముందూ అరిచాడు, బట్ట విసిరికొట్టాడు. ఇది తప్పే, కానీ ఈ చట్టం కిందికి రాదు. దానికి గ్రీవెన్స్ కమిటీ, యూనియన్, లేబర్ ఆఫీసు ఉన్నాయి. అదే సూపర్‌వైజర్ అరుస్తూ మీ శరీరం గురించి, మీ నడవడి గురించి లైంగికంగా ఒక మాట అన్నాడనుకోండి, అప్పుడు ఇందులోకి వస్తుంది. ముట్టుకోవడం, లైంగికంగా ఏదైనా కోరడం, అలాంటి అర్థం వచ్చే మాటలు, అశ్లీల చిత్రాలు చూపించడం, చూపుతో, సైగతో చేసేవి, మీకు ఇష్టంలేని ఏ లైంగిక ప్రవర్తనైనా. "నా మాట వింటే ప్రమోషన్, వినకపోతే రాత్రి షిఫ్టు" అన్నా అదే. జీతం పెంచలేదు, లీవు ఇవ్వలేదు, ఇవన్నీ కలిపి పది పేజీలు రాస్తే అసలు విషయం ఏడో పేజీలో మునిగిపోతుంది. లీవు ఇవ్వకపోవడం ఆ వేధింపు వల్లే జరిగితే ఆ ముడి ఎక్కడ పడిందో చెప్పి రాయండి. లేకపోతే వేరే కాగితం మీద రాయండి.

ఆధారాలు. వాట్సాప్ మెసేజ్ వస్తే కోపంతో డిలీట్ చేయకండి, బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. స్క్రీన్‌షాట్‌లో తేదీ కనపడాలి, పేరు ఒక్కటే చాలదు, ఫోన్ నంబరు కనపడాలి. ముక్క కత్తిరించి పెట్టకండి, ముందు వెనక ఉన్నవి కూడా ఉంచండి. మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉంటే ఈ రోజే ఆపేయండి. ఫోన్ మార్చినా పాత ఫోన్ అమ్మకండి. సీసీటీవీ చాలా చోట్ల కొన్ని వారాలకే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. అందుకే ఫిర్యాదు రాసేంత వరకూ ఆగక, ఫలానా తేదీ, ఫలానా గంట, ఫలానా కారిడార్ రికార్డింగు భద్రపరచండి అని ఆ రోజే కమిటీకి ఒక్క లైను మెయిల్ పెట్టండి. సాక్షుల్ని పిలవడంలో, పత్రాలు తెప్పించడంలో కమిటీకి సివిల్ కోర్టుకి ఉన్న అధికారాలు ఉన్నాయి. అడిగితే తెప్పించాలి.

సాక్షులు లేరని ఆగిపోవద్దు. ఇలాంటివి నలుగురు చూస్తుండగా జరగడం అరుదు. జరిగిన వెంటనే మీరు ఎవరితో ఏడుస్తూ చెప్పారో, పీజీలో రూమ్మేట్‌కి చెప్పారో, ఊళ్ళో అక్కకి ఫోన్ చేశారో, వాళ్ళు కూడా పనికొస్తారు.

విచారణ గదిలో

కాగితం అందిన ఏడు పని దినాల్లో కమిటీ ఒక కాపీ అవతలి వ్యక్తికి పంపాలి. అతను పది పని దినాల్లో జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. తర్వాత పది రోజుల్లో నివేదిక ఇద్దరికీ, యజమానికీ అందాలి. యజమాని 60 రోజుల్లో అమలు చేయాలి. నచ్చకపోతే 90 రోజుల్లో అప్పీలు. ఈ అంకెలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, బోర్డు మీద రాసి ఉన్నాయి.

ఈ లోపల అతని కిందే పనిచేయాలా? అక్కర్లేదు. మీరు రాసి అడగాలి, అడక్కుండా ఎవరూ ఇవ్వరు. మిమ్మల్నో అతణ్ణో వేరే చోటికి మార్చమని అడగొచ్చు. మీకు మామూలుగా ఉన్న సెలవులు కాక మూడు నెలల వరకూ సెలవు అడగొచ్చు. అతను మీ అప్రైజల్ రాయకుండా, ఆ పని ఇంకొకరికి ఇవ్వమని అడగొచ్చు. ఈ మూడోది ఐటీవాళ్ళు తప్పకుండా అడగండి. ఫిర్యాదు తర్వాత వచ్చే ఎదురుదెబ్బ ఎక్కువగా రేటింగ్ రూపంలోనే వస్తుంది.

విచారణ జరిగేటప్పుడు అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు సభ్యులు కూర్చోవాలి. ఇద్దరే ఉన్నారా? రాయించండి. వకీళ్ళు ఎవరి తరఫునా రాకూడదు. అతని ఎదురుగా కూర్చోలేనంటే చెప్పండి. ప్రశ్నలు రాసి కమిటీ ద్వారా పంపించే పద్ధతి చాలా చోట్ల నడుస్తోంది. మీ వాంగ్మూలం చదివి వినిపించమనండి, మీ భాషలో. తప్పుంటే కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టండి. ప్రతి పేజీ మీదా సంతకం. చదవకుండా సంతకం పెట్టకండి, ఎంత తొందర పెట్టినా.

కమిటీ సభ్యులుగా ఉన్నవాళ్ళకి ఒక మాట. "పాపం అమ్మాయి, త్వరగా తేల్చేద్దాం" అని పరుగులు పెట్టకండి. గోవా విశ్వవిద్యాలయం కేసులో జరిగింది అదే. కమిటీ చివర్లో హడావుడిగా విచారణ ముగించింది, అవతలి వ్యక్తికి తన వాదన వినిపించుకునే అవకాశం సరిగ్గా ఇవ్వలేదని 2023 మే 12న సుప్రీంకోర్టు ఆ శిక్షను పక్కనపెట్టి, మళ్ళీ విచారించమంది. సంఘటనలు 2009 నాటివి. పద్ధతి తప్పడం వల్ల మళ్ళీ మొదటికొచ్చింది. అతనికి ఇవ్వాల్సిన నోటీసు, కాపీలు, టైము ఇవ్వడం కూడా ఆ ఫిర్యాదు చేసిన ఆమెకి చేసే మేలే.

రాజీ గురించి అడుగుతారు. మీరు కోరితేనే రాజీ ప్రయత్నం మొదలవ్వాలి, కమిటీ మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు. డబ్బు ఆధారంగా రాజీ చట్టం ఒప్పుకోదు. క్షమాపణ, టీమ్ మార్పు లాంటివి ఉండొచ్చు. అతను ఆ షరతులు తప్పితే మళ్ళీ విచారణ అడగవచ్చు. తప్పు రుజువైతే అది వేరు. అప్పుడు అతని జీతంలోంచి కోసి మీకు పరిహారం ఇప్పించవచ్చు, పడిన మనోవేదన, పోయిన అవకాశం, వైద్యం ఖర్చు అన్నీ లెక్కలోకి వస్తాయి.

"రుజువు కాకపోతే నా మీదే కేసు పెడతారంట కదా!" ఇది ప్రతి సమావేశంలో వినే భయం. రుజువు చేయలేకపోవడం ఒక్కటే శిక్షకి కారణం కాదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. అబద్ధమని తెలిసి, కావాలని పెట్టిందని విడిగా విచారణ చేసి తేలితేనే. ఎవరైనా మిమ్మల్ని ఈ మాటతో బెదిరిస్తే, ఆ బెదిరింపు కూడా తేదీతో రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ఇళ్ళలో పనిచేసే అక్కలకి, పదిమంది లేని చిన్న షాపుల్లో, క్లినిక్కుల్లో చేసేవాళ్ళకి. మీకు జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. వేధించింది యజమానే అయితే, అది ఎంత పెద్ద కంపెనీ అయినా, ఫిర్యాదు అక్కడికే. ఇంటిపనివాళ్ళ విషయంలో ప్రాథమికంగా నిజముందని తేలితే ఏడు రోజుల్లో కమిటీ దాన్ని పోలీసులకి పంపాలి. కేంద్ర ప్రభుత్వం షీ-బాక్స్ అనే వెబ్‌సైట్ పెట్టింది, అందులోనూ వేయొచ్చు. ఎక్కడికెళ్ళాలో తోచకపోతే 181కి ఫోన్ చేయండి, ప్రాణభయం ఉంటే 112. కమిటీకి వెళ్ళినంత మాత్రాన పోలీసు దారి మూసుకుపోదు. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక వేధింపు నేరం. మీరు పోలీసుల దగ్గరికి వెళ్తానంటే యజమాని సాయం చేయాలి. వేధించింది క్లయింటో, డెలివరీకి వచ్చినవాడో, బయటివాడు ఎవరైనా సరే, "మా ఉద్యోగి కాదు కదా" అని యజమాని చేతులు దులుపుకోవడానికి లేదు.

చీటీల్లో ఒక ప్రశ్న వచ్చింది, అది ఒక్కటి చెప్పేస్తాను. "ఉద్యోగం మానేశాను, ఇప్పుడు ఇవ్వొచ్చా?" ఇవ్వొచ్చమ్మా. ఉద్యోగంలో ఉండగా జరిగినదానికి, మానేశాక కూడా ఆ కంపెనీ కమిటీకే ఇవ్వొచ్చు. మూడు నెలల లెక్క మాత్రం మానేసిన రోజు నుంచి వేసుకోకండి, ఘటన జరిగిన రోజు నుంచే. నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలు ఉండే కంపెనీల్లో, అది అయిపోయాక చూద్దాంలే అని ఆగితే గడువు అందులోనే కరిగిపోతుంది. ఈ చీటీ రాసినామె ఎవరో పేరు చెప్పక్కర్లేదు. భోజనాలప్పుడు ఆ తేదీ ఒక్కటి గుర్తు తెచ్చుకుని నా దగ్గరికి రండి, ఈ రోజుకి ఎన్ని రోజులైందో లెక్క వేసి కాగితం ఇక్కడే రాద్దాం.